కళ్ళు తిరుగుతున్నాయంటే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం

మా ఇంట్లో పత్తికి ఎప్పుడూ లోటు లేదు. కొంత దేవుడి దీపానికి, కొంత పాప చెవికి. రాత్రి భోజనాలయ్యాక చిటికెడు పత్తి తీసి, వేళ్ళ మధ్య సన్నగా నలిపి, వత్తి చేసి, పాప ఎడమ చెవిలో చీము తుడవడం నాకు గిన్నెలు కడగడం లాంటి పనే. మూడో ఏటి నుంచీ దాని చెవి కారుతోంది. జలుబు చేస్తే ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ. "పిల్లలకు మామూలే, పెద్దయితే అదే పోతుంది" అని అత్తయ్య అన్నారు, మా అమ్మ అంది, మందుల షాపతనూ అన్నాడు. ముగ్గురు ఒకే మాట చెప్పాక నాలుగో మనిషిని అడగాలని నాకు తోచలేదు.

ఈ కథ చెవి గురించినదని మీకు అప్పుడే తెలిసిపోయింది. మాకు తెలియడానికి ఏడాది పట్టింది.

మేముండేది పర్లాకిమిడిలో. మహేంద్రతనయకు ఇటు మేము, ఒడిశా. అటు పాతపట్నం, ఆంధ్ర. పెళ్ళి సంబంధాలు అటు, రేషన్ కార్డు ఇటు. మా ఆయనకు చిన్న కిరాణా కొట్టు ఉంది. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మామయ్య గారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు.

2024 సంక్రాంతి తర్వాత ఒకరోజు పాప సైకిల్ దిగి, గోడకు ఆనుకుని నిలబడింది. ఏమైందంటే, "అమ్మా, గోడ జరుగుతోంది" అంది. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. గోడ జరగడమేమిటే అని నవ్వాను. నిమిషంలో సర్దుకుంది. తర్వాత సైకిల్ అడగడం మానేసింది, నేనూ గమనించలేదు. తమ్ముడికి ఇచ్చేసింది, మంచి అక్క అనుకున్నాం.

వేసవిలో రెండు మూడు సార్లు వచ్చింది. రథయాత్ర నాడు మాత్రం భయపడ్డాను. రథం ముందు ఘంటలు, డప్పులు, ఊది ఊది బుగ్గలు ఉబ్బిన బాజా వాళ్ళు. అంత మోతలో పాప నా చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో పట్టుకుని కిందికి జారి కూర్చుంది. "రోడ్డు లేస్తోంది, రోడ్డు లేస్తోంది" అంటోంది. ఎవరో నీళ్ళు ఇచ్చారు, ఎవరో లవంగం ఇచ్చారు, ఒకావిడ వడదెబ్బ అంది. పక్క వీధికి తీసుకొచ్చి అరుగు మీద పడుకోబెడితే పది నిమిషాలకు తేరుకుంది. మోత తగ్గింది కాబట్టి తగ్గిందని ఎవరికి తడుతుంది? ఎండ తగ్గిందనుకున్నాం. ఇంటికొచ్చాక అత్తయ్య ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేశారు. ఘాటు రాలేదు, అంటే దిష్టి గట్టిగా తగిలిందన్నమాట.

అక్కడి నుంచి డాక్టర్ల వరస. మొదటిచోట రక్తపరీక్ష చేసి హిమోగ్లోబిన్ 9.8 ఉందన్నారు, ఐరన్ సిరప్ రాశారు. నులిపురుగుల మాత్ర వేశారు. అవన్నీ సబబే. సెప్టెంబరుకల్లా రక్తం 11.4 కి ఎక్కింది. తల తిరగడమూ దాంతోపాటే ఎక్కింది. నెలకోసారి వచ్చేది వారానికి మూడు సార్లయింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు మాట్లాడేది నేను, పాప కాదు. అది "గోడ జరుగుతోంది" అంటుంది, నేను "కళ్ళు తిరుగుతున్నాయట, నీరసంగా ఉంటోంది" అని చెబుతాను. మనకు మాటలు ఎక్కువ కదా. కళ్ళు తిరగడం, తల తిరగడం, తల దిమ్ముగా ఉండటం, ఒళ్ళు తూలడం, మైకం కమ్మడం, కళ్ళు బైర్లు కమ్మడం. అన్నీ ఒకటే అనుకుని చేతికందిన మాట వాడేశాను. చటుక్కున లేచి నిలబడితే కళ్ళ ముందు చీకట్లు రావడం వేరు, మనిషి కదలకుండా ఉంటే గోడ కదలడం వేరు. రెండోది చెవిలో గాని మెదడులో గాని వెతకవలసిన సంగతని తర్వాత తెలిసింది. పిల్ల మొదటి రోజే సరైన మాట చెప్పింది. మధ్యలో దుబాసిని నేను, దాన్ని చెడగొట్టాను.

అక్టోబరులో కాస్త జ్వరం కూడా తగిలింది. మా జిల్లాలో జ్వరం అంటే ముందు మలేరియా గుర్తుకొస్తుంది. వీధి చివర వైద్యం చేసే ఒకాయన పరీక్ష కూడా చేయకుండా మలేరియా మందు మొదలుపెడదామన్నాడు. మామయ్య గారు ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ రోజు లేచి నిలబడి, "వేలు గుచ్చి పరీక్ష చేసి, ఉందంటేనే మందు. ఈ ఊళ్ళో ఆ మందు కథ ఒకటుంది, మరచిపోయారా?" అన్నారు. అది గిడుగు రామమూర్తి పంతులు గారి కథ. 1880లో మా ఊరి రాజావారి బడిలో మాస్టారుగా చేరి, సవరల భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది, దానికి క్వినైన్ వాడితే చెవుడు వచ్చింది, బతికినంత కాలం పోలేదు. మామయ్య గారు ఏటా ఆగస్టు 29న, పంతులు గారి పుట్టినరోజు నాడు, ఈ కథ చెబుతారు, మేము వినీ వినకుండా కాఫీ తాగుతాం. క్వినైన్‌కు లోపలి చెవి మీద పగ అని ఆయనకు తెలుసు. పాప తిప్పలు కూడా ఆ లోపలి చెవిలోనే ఉన్నాయని ఆయనకూ తెలియదు. పరీక్ష చేయించాం, మలేరియా లేదు. మామూలు జలుబు జ్వరం, మూడు రోజుల్లో పోయింది. చెవి మాత్రం వారం రోజులు బాగా కారింది.

నవంబరులో బడిలో ప్రార్థన సమయంలో తుమ్మి, తుమ్ముతోనే పక్కకు కూలిపోయింది. గడ్డం పగిలి మూడు కుట్లు పడ్డాయి. టీచరు ఫోన్ చేసి, "అమ్మా, పడిపోయినప్పుడు చూశాను, కనుగుడ్లు ఒక పక్కకు టపటపా కొట్టుకున్నాయి" అన్నారు. ఆ మాట పట్టుకుని ఇంకో పట్నంలో ఇంకో డాక్టరు గారి దగ్గరికి వెళితే మూర్ఛ అయ్యుండవచ్చన్నారు. తల మీద వైర్లు అంటించి ఈఈజీ తీశారు, అందులో ఏమీ లేదు. లేకపోయినా మందు మొదలుపెడదామన్నారు. సిరప్, రోజుకు రెండు పూటలా.

ఆ మూడు నెలలు తలచుకోవడం నాకు ఇష్టం లేదు. పిల్ల మత్తుగా ఉండేది. లెక్కల పుస్తకం మీద తల పెట్టి నిద్రపోయేది. బంధువులకు తెలియకూడదని అత్తయ్య మందు సీసాను బియ్యం డబ్బా వెనక దాచేవారు. ఆడపిల్ల, రేపు పెళ్ళి అంటూ. తొమ్మిదేళ్ళు కూడా నిండని పిల్ల పెళ్ళి! నేను పాతపట్నం నీలమణి దుర్గమ్మకు మొక్కుకున్నాను. తల తిరగడం తగ్గలేదు. మత్తు వల్ల చెప్పడం తగ్గింది, అంతే.

ఒక పని మాత్రం బుద్ధిగా చేశాననుకున్నాను. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో గీతలు గీసి రాయడం మొదలుపెట్టాను. తేదీ, సమయం, ఏం తింది, ఎంతసేపు పడుకుంది, బడిలో దెబ్బలాడిందా, టీవీ చూసిందా. ఛాతీ, నడుము, చేతి పొడవు రాసే గళ్ళలో ఇవన్నీ. నలభై మూడు సార్లు రాశాను. తీరికగా చూస్తే వంకాయ కూర తిన్న రోజు ఐదు సార్లు వచ్చినట్టు కనిపించింది. ఇంట్లో వంకాయ మానేశాం.

డిసెంబరులో మా ఆడపడుచు వచ్చి, "కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు, కళ్ళు చూపించారా?" అంది. మాకు నవ్వు రాలేదు, నిజమే కదా అనిపించింది. అద్దాలు కావాలేమో! ఆ ఆదివారం కళ్ళ పరీక్షకు వెళ్ళాం. అక్కడ అక్షరాల పలక చదివించే అమ్మాయి ఒకతె, పాతికేళ్ళు కూడా ఉండవు. పాపకు చూపు బాగానే ఉంది. టార్చి వేసి దగ్గరగా వంగి చూస్తూ, జారుతున్న జుట్టును సర్ది పాప ఎడమ చెవి వెనక్కి నొక్కి పెట్టింది. పాప "అబ్బా" అని కుర్చీ పట్టుకుంది. ఆ అమ్మాయి టార్చి పక్కకు తీయలేదు. చెవి రంధ్రం ముందున్న చిన్న బుడిపెను మళ్ళీ నెమ్మదిగా లోపలికి నొక్కి, కళ్ళలోకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, "ఆంటీ, ఈ వాసన చెవిలోంచేనా?" అంది.

అవునమ్మా, అది మామూలే, చిన్నప్పటి నుంచీ ఉంది అన్నాను.

"కళ్ళు నిజంగానే తిరుగుతున్నాయి ఆంటీ. చెవి నొక్కితే తిరుగుతున్నాయి. చెవి డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేయకండి" అని చీటీ మీద రాసి ఇచ్చింది. ఆ అమ్మాయి పేరు కూడా అడగలేదు నేను.

ఎక్కడికి వెళ్ళాలన్నది ఇంకో రామాయణం. విశాఖపట్నం అని అందరూ అన్నారు. అక్కడ ప్రైవేటులో ఆపరేషన్ అంటే లక్షన్నర దాకా కావచ్చని తెలిసినవాళ్ళు చెప్పారు. ఆంధ్రలో అందరూ ఆరోగ్యశ్రీ అనే ప్రభుత్వ వైద్య పథకం ఉంది, అది ఆంధ్ర వాళ్ళకు. పాతపట్నంలో ఉన్న పిన్నత్త గారు పాపను తమ కార్డులో ఎక్కిస్తామన్నారు. మా ఆయన ఒప్పుకోలేదు. మా కార్డు ఒడిశాది, కాబట్టి బరంపురం పెద్దాసుపత్రి. ఆ వైద్య కళాశాల పేరులో ఉన్నది మా పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి వారే. "మన రాజుగారి ఆసుపత్రి, మనల్ని చూడకపోతారా" అని మామయ్య గారు ధైర్యం చెప్పారు.

2025 జనవరిలో గుణుపురం నుంచి వచ్చే రైలెక్కాం. నేను, మా ఆయన, పాప, తోడుగా టెక్కలి నుంచి మా అమ్మ. స్టేషన్లో ఎదురుగా ఇంజను కూత వేసింది. ప్లాట్‌ఫారం మీది పిల్లలందరూ రెండు చెవులూ మూసుకున్నారు. పాప కుడి చెవి ఒక్కటే మూసుకుని, ఎడమ చేత్తో నా భుజం పట్టుకుంది. ఆ చెవి ఎందుకు మూసుకోలేదే అన్నాను. "అది మూస్తే ఇంకా తిరుగుతుంది" అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. బరంపురం చేరేదాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

చెవి విభాగంలో మమ్మల్ని చూసిన డాక్టరు గారు ఒడియా ఆయన. బరంపురంలో చాలామందికి వచ్చినంత తెలుగు ఆయనకూ వచ్చు. ముందు ఒడియాలోనే "ముండొ బులఉచి కి?" అని పాపను అడిగారు. తల తిరుగుతోందా అని అర్థం. ఒడియాలో ముండొ అంటే తల. మా అమ్మ టెక్కలి మనిషి, ఆమె చెవికి అది ఇంకోలా వినపడింది. ముఖం కందగడ్డ చేసుకుని కుర్చీలోంచి లేవబోయింది. నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. అంత బాధలోనూ పాప కిసుక్కున నవ్వింది.

నేను కొలతల పుస్తకం తీసి ఇచ్చాను. ఆయన ఓపికగా నాలుగు పేజీలు తిప్పి చూశారు, వంకాయ గురించి ఏమీ అనలేదు. పుస్తకం మూసి పాపను దగ్గరికి పిలిచి, తెలుగులో, "గది తిరుగుతుందా, నువ్వు తిరుగుతావా?" అన్నారు.

"గది."

"గది తిరిగే ముందు ఏం చేస్తున్నావు?"

పాప నా వైపు చూసింది. చెప్పవచ్చా అన్నట్టు. "అమ్మ చెవి తుడుస్తుంది" అంది.

నలభై మూడు సార్లు రాశాను. చెవి తుడిచానని ఒక్కసారి కూడా రాయలేదు. పళ్ళు తోముకున్నామని ఎవరైనా రాసుకుంటారా? వత్తి లోపలికి పెట్టినప్పుడు అది మంచం పట్టె పట్టుకుని, కాలి వేళ్ళు ముడుచుకుని, "ఇల్లు తిరుగుతోంది, చాలు" అనేది. కదలకు, ఐపోయింది అని నేను తల గట్టిగా పట్టుకునేదాన్ని. మొండితనం అనుకున్నాను. ఇప్పటికీ ఆ కాలి వేళ్ళే నాకు కళ్ళ ముందు కనబడతాయి.

చెవిలోకి సన్నటి కెమెరా గొట్టం పెట్టి తెర మీద చూపించారు. కర్ణభేరి పై అంచున ఒక గుంట, అందులో తెల్లగా, తడిసిన అటుకుల్లా ఏదో పొరలు పొరలుగా ఉంది. సన్న గొట్టంతో పీల్చబోతే పాపకు వెంటనే తల తిరిగి వాంతి వచ్చింది, ఆపేశారు. తర్వాత చెవి ముందున్న బుడిపెను నొక్కారు. కళ్ళ పరీక్షలో ఆ అమ్మాయి చేసిన పనే. ఈసారి నేను కూడా దగ్గరగా చూశాను. నల్లగుడ్లు రెండూ ఒక పక్కకు మెల్లగా జారి, టక్కున వెనక్కి లాగినట్టు మళ్ళీ మళ్ళీ కొట్టుకున్నాయి. చెయ్యి తీయగానే ఆగిపోయాయి. ఏడాది పాటు కళ్ళు తిరుగుతున్నాయి అని ఊరందరికీ చెప్పాను గానీ, తిరిగే కళ్ళను నేను చూడటం అదే మొదలు. టీచరు చూశారు. చూసింది చూసినట్టు చెప్పారు కూడా. దాన్నే మూర్ఛ ఖాతాలో వేశారు.

వినికిడి పరీక్షలో ఎడమ చెవికి చాలా తగ్గిందని తేలింది. పిలిస్తే పలకదని ఎన్ని మొట్టికాయలు వేశానో. చెవి ఎముకకు సన్నటి ముక్కలుగా తీసే సీటీ స్కాన్ చేయించారు. ఆ రిపోర్టు చేతికి వచ్చాక డాక్టరు గారు చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. జబ్బు పేరు కొలెస్టియటోమా. నోరు తిరగడానికి నాకు వారం పట్టింది. పేరు చూసి కొవ్వు అనుకునేరు, కొలెస్టరాల్‌కూ దీనికీ సంబంధం లేదు. క్యాన్సర్ అసలే కాదు. ఉండకూడని చోట పెరిగిన చర్మం. మధ్య చెవికి గాలి సరిగా అందకపోతే కర్ణభేరి లోపలికి గుంజుకుపోయి సంచిలా అవుతుంది. మన ఒంటి మీద చర్మం రోజూ పొట్టు రాల్చినట్టే అదీ రాలుస్తుంది. బయట రాలేది గాలికి పోతుంది. సంచిలో రాలింది ఎక్కడికి పోతుంది? అక్కడే పేరుకుని, కుళ్ళి, వాసన వేస్తూ, చుట్టూ ఉన్న ఎముకను తినుకుంటూ పోతుంది. "ఉయి" అన్నారాయన. ఒడియాలో చెదపురుగు. ఆ ఒక్క మాటతో మా అమ్మకు కూడా అర్థమైపోయింది. ద్వారబంధం పైకి నున్నగానే ఉంటుంది, వేలు పెడితే లోపలికి దిగిపోతుంది.

ఇక తల తిరగడం సంగతి. లోపలి చెవిలో, విరిగిన చేతి గాజుల ముక్కల్లా, ఒకదానికొకటి అడ్డంగా మూడు అర్ధవలయపు గొట్టాలు ఉంటాయి. వాటిలో నీరు. మేస్త్రీ దగ్గర రసమట్టం ఉన్నట్టు మన తల ఎటు తిరిగిందో మెదడుకు చెప్పేది ఆ నీరే. పాపకు వాటిలో అడ్డంగా ఉన్న గొట్టం మీది ఎముకను చెద తినేసింది, పల్చటి పొర మిగిలింది. వత్తి పెట్టినా, తుమ్మినా, చెవి నొక్కినా ఆ ఒత్తిడి నేరుగా నీటికి తగులుతుంది. తల కదలకపోయినా కదిలిందని మెదడుకు కబురు వెళుతుంది. పెద్ద మోత కూడా అలాగే కదిలించగలదట. రథయాత్ర గుర్తుకొచ్చింది. చలికాలంలో తలంటి పోసినప్పుడు చెవిలోకి నీళ్ళు వెళితే వచ్చేది కదా అని అడిగాను. చన్నీళ్ళు మామూలు చెవిలో పోసినా తల తిరుగుతుందనీ, ఆ సంగతి మీద పరిశోధించే వియన్నా డాక్టరు రాబర్ట్ బరానీ 1914 నోబెల్ బహుమతి పొందాడనీ చెప్పారు. అవే నీళ్ళు నేనూ పోశాను, నాకు అత్తయ్య చేత తిట్లు దక్కాయి.

అడగాలా వద్దా అని నలిగి నలిగి చివరికి అడిగాను. వెల్లుల్లి కాచిన నూనె చుక్కలు వేసేవాళ్ళం, వత్తి పెట్టేదాన్ని, దాని వల్లే వచ్చిందా అని. దాని వల్ల రాలేదన్నారు. కానీ పైపైన తుడుస్తూ ఉండటంతో లోపల ఏముందో చూడవలసిన అవసరం మాకు కనిపించలేదన్నారు. అన్నది మెత్తగానే గానీ బాగా తగిలింది. మందులతో పోదు, ఆపరేషన్ ఒక్కటే దారి. వదిలేస్తే ముఖం కదిలించే నరం దాకా, మెదడు పొర దాకా వెళ్ళగలదు. ఈలోగా గట్టి జ్వరంతో తలనొప్పి వచ్చినా, చెవి వెనక వాచినా, మూతి పక్కకు పోయినా తేదీ కోసం చూడకుండా వెంటనే తీసుకురమ్మన్నారు. మూర్ఛ మందు కూడా నాకు నేను ఆపవద్దని, మెదడు నరాల డాక్టరు గారికి చూపించారు. ఆయన వారం వారం మోతాదు తగ్గిస్తూ ఆపించారు. మందు తగ్గిన కొద్దీ పిల్ల గొంతు పెరిగింది.

ఫిబ్రవరి తేదీ జలుబు వల్ల తప్పిపోయింది. మార్చిలో ఆపరేషన్. మూడున్నర గంటలు. చెవి వెనక కోసి, మాస్టాయిడ్ ఎముకను డ్రిల్లుతో తొలిచి, చెదను పొర పొరగా తీస్తారు. తినేసిన గొట్టం మీది పొరను ఆఖరున తీసి, కణత కండరం మీది పల్చటి పొరతో ఆ చిల్లును మూస్తారు. కుట్టుపని చేసేదాన్ని కాబట్టి ఈ ముక్క మాత్రం నాకు వెంటనే అర్థమైంది. చిరిగిన చోట అదే తానులోని గుడ్డ వేయాలి. వినికిడికి ఉపయోగపడే మూడు చిన్న ఎముకల్లో మధ్యది అప్పటికే లేదు.

బయట బల్ల మీద మా ఆయన, నేను. ఆయన కొట్టు లెక్కల చీటీ ఒకటి తీసి కూడుతూ కూర్చున్నారు. కూడిందే కూడుతున్నారు.

తలంతా కట్టుతో బయటికి తెచ్చాక డాక్టరు గారు మొదట అడిగింది, "పళ్ళు చూపించు" అని. పాప మత్తులోనే ఈ అని ఇకిలించింది. మూతి రెండు వైపులా సమానంగా వెళ్ళింది. కళ్ళు గట్టిగా మూయమన్నారు, రెండూ మూసుకున్నాయి. ముఖం నరం భద్రం. మా అమ్మ నడవాలోనే కింద కూర్చుని ఏడ్చింది.

మర్నాటి నుంచి తల తిరగడం పోతుందనుకుంటే పొరపాటు. మొదటి నాలుగు రోజులు అంతకు ముందుకంటే ఎక్కువగా తిరిగింది, తల ఎత్తితే వాంతి. ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాం. వారానికి కుట్లు తీశారు. రెండో వారం గోడ పట్టుకుని నడిచింది. ఇంటి దగ్గర చేయించడానికి చిన్న అభ్యాసాలు నేర్పారు. బొటనవేలు కళ్ళ ముందు నిలిపి, చూపు దాని మీదే ఉంచి తల అటూ ఇటూ తిప్పడం, నేల మీద గీత వెంట ఒక కాలి వేళ్ళకు ఆనించి రెండో కాలి మడమ పెట్టి నడవడం. గీత నేను జాకెట్ల సుద్దతో గీసేదాన్ని. వసారా ఈ చివర నుంచి ఆ చివరకు. మొదట్లో ఆరు అడుగులు వేసి తూలేది. ఏప్రిల్ చివరికి తమ్ముణ్ణి వెనక నడిపించి వాడు గీత తప్పితే తిట్టడం మొదలుపెట్టింది. జూన్‌లో సైకిల్ వెనక్కి తీసుకుంది. ఇంట్లో మళ్ళీ వంకాయ కూర.

అన్నీ బాగైపోలేదు. ఎడమ చెవి వినికిడి అంతంతే. లేని ఎముక స్థానంలో అమర్చే చిన్న ముక్క గురించి తర్వాత చూద్దామన్నారు. పిల్లల్లో ఈ చెద మళ్ళీ మొలిచే అవకాశం పెద్దవాళ్ళలో కంటే ఎక్కువ కాబట్టి మూడు నెలలకోసారి బరంపురం వెళ్ళాలి, ఏడాదికి మళ్ళీ స్కాన్. చెవిలో నీళ్ళు పోకూడదు. తలంటినప్పుడు వాజిలిన్ రాసిన దూది అడ్డం పెడతాను. వత్తి మాత్రం ఇక లేదు. నూనె సీసాలో మిగిలినది అత్తయ్య తన మోకాళ్ళకు రాసుకుని ఖాళీ చేశారు, ఎవరితోనూ ఏమీ అనలేదు.

జాకెట్టు కొలతలు తీసే పని ఎలాంటిదంటే, మెడ చుట్టూ టేపు తిప్పేటప్పుడు మన ముక్కు ఎదుటి మనిషి చెవి పక్కనే ఉంటుంది. ఇన్నేళ్ళూ కొబ్బరి నూనె, మల్లెపూలు, చెమట తప్ప ఇంకేదీ పట్టించుకోలేదు. పోయిన వారం పరికిణీ జాకెట్టు కోసం ఒకావిడ ఆరేళ్ళ కూతుర్ని తెచ్చింది. మెడ కొలత తీయబోయి ఆగిపోయాను. ఆ వాసన నాకు తెలుసు. టేపు తీసేసి, పాప చెవి కారుతుందా అమ్మా అని అడిగాను.

"అది మామూలేనండీ, చిన్నప్పటి నుంచీ ఉంది" అంది.

కొలతల పుస్తకంలో ఆ పాప మెడ కొలత గడి ఇంకా ఖాళీగానే ఉంది. ముందు బరంపురం వెళ్ళి రమ్మన్నాను, జాకెట్టు తర్వాత కుడతానన్నాను. ఆవిడకు కోపం వచ్చింది, గుడ్డ వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది. నిన్న సాయంత్రం ఫోన్ చేసి, రైలు ఎన్ని గంటలకు అని అడిగింది.